నిండుగా తిరిగొచ్చిన గిన్నె

నాకు జబ్బు ఏ రోజున మొదలైందో చెప్పలేను. దగ్గు ఎప్పుడో వానల్లో పట్టుకుంది. దాని రోజులు లెక్కపెట్టుకుని కూర్చునే తీరిక నాకు లేదు. కానీ నా కూర గిన్నె నిండుగా తిరిగొచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది. పుష్యమాసం, బుధవారం. గిన్నెలో ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర.

నేను మూడో తరగతి వరకే చదివాను. మనవరాలి పాత నోటు పుస్తకాల్లో మిగిలిపోయిన కాగితాలు చింపి, దారంతో కుట్టుకుని ఇది రాస్తున్నాను. నాకిప్పుడు నయమైంది. నయమైనవాళ్ళకి మనసు మెత్తబడి అందరినీ క్షమించేస్తారని అంటారు. నాకు ఒళ్ళు బాగుపడింది, అంతే. టీబీ వచ్చినవాళ్ళు భయపడకూడదని కొంత, ఆ గిన్నె తిప్పి పంపినవాళ్ళు చదవాలని కొంత, దీన్ని రాస్తున్నాను.

మాది పలాస పక్క పల్లె. పాతికేళ్ళుగా జీడిపప్పు షెడ్డులో పొట్టు తీస్తున్నాను. చిన్న చాకుతో గుండు, అంటే నిండు పప్పు, విరక్కుండా, బద్ద కాకుండా పొట్టు ఒలవాలి. ఒక వరసలో పదహారు మందిమి పీటలు వేసుకుని కూర్చుంటాం. కిటికీ దగ్గర మొదటి పీట జగ్గమ్మది. వరసకి నాకు వదిన అవుతుంది. ఆవిడ పక్కన రెండో పీట నాది. వెలుతురు బాగా పడే చోటు అది. ఊరికే రాలేదు, చేతి పనితో సంపాదించుకున్నాను.

మధ్యాహ్నం అన్నాల వేళ మా వరసలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కూర వారే తినరు. రోజూ వచ్చేవి మూడు నాలుగు గిన్నెలే. వచ్చిన ప్రతి గిన్నే వరస మొదటి నుంచి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుంది. తలా ఒక చెంచా తీసుకుంటారు. ఆ రోజు కూర వండుకోలేని మనిషికి కూడా అలాగే కడుపు నిండుతుంది. ఎవరి గిన్నె అయినా ముందు జగ్గమ్మ వదిన చేతికి వెళుతుంది. ఆవిడ గిన్నె మాత్రం ముందు నా చేతికి వస్తుంది. ఇది ఎవరు పెట్టారో తెలియదు, మా ముందువాళ్ళూ ఇలాగే తిన్నారు.

ఆశ్వయుజం వచ్చేసరికి సాయంత్రం కాగానే ఒళ్ళు వెచ్చబడేది. రవికెలు వదులైతే పక్కలకి కుట్టు వేసుకున్నాను గానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. ఊళ్ళో మందులిచ్చే అతను ఇచ్చిన సీసా మందు రెండు నెలలు తాగాను. మా ఉద్దానం వైపు మనిషి చిక్కితే చూసేవాళ్ళ నోట ఒకటే మాట: కిడ్నీ. ఇంటికొకరు పోయిన ఊళ్ళు ఉన్నాయి మాకు. మా అబ్బాయి రామారావు ఆటో తోలుతాడు. కార్తీకంలో ఒక ఉదయం నన్ను ఆ ఆటోలోనే ఎక్కించి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రక్తం చూసి కిడ్నీలు బాగున్నాయన్నారు. రామారావు చేతులెత్తి దండం పెట్టాడు. తర్వాత ఛాతీకి ఫొటో తీసి, కళ్ళె పరీక్ష చేసి, టీబీ అన్నారు. ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు.

మందుల చీటీ కోసం బల్ల మీద కూర్చున్నాను. పక్కన టెక్కలి మనిషి ఒకామె ఉంది. మా వైపు ఆసుపత్రి బల్ల మీద పలకరింపు "ఏ ఊరు" అని ఉండదు.

"ఎంతుందప్పా?" అని అడిగింది. రక్తంలో కిడ్నీ నంబరు ఎంత అని.

"నాది కిడ్నీ కాదమ్మా."

"మరేటి?"

"టీబీ అంతన్నారు."

ఆమె సంచి ఒళ్ళోకి తీసుకుని జరిగింది. ఆమె అవతల ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. మా మాటలు అతని చెవిన పడలేదు. ఆమె జరిగింది గనుక అతనూ లేచాడు. అతను లేచాడని ఆ చివర ఉన్న ఇద్దరూ లేచారు. రెప్పపాటులో ఆ బల్ల మీద నేనొక్కదాన్నే మిగిలాను. ఇందులో నా జబ్బు సంగతి తెలిసింది ఒక్క మనిషికి. అప్పటికి నాకు ఒళ్ళు తూలుతోంది గనుక ఈ లెక్క పట్టించుకోలేదు. తర్వాత ఇదే లెక్క పనికొచ్చింది.

అప్పుడొచ్చింది ఎర్రమ్మ. అక్కుపల్లి నుంచి చేపలు అమ్ముకునే మనిషి. వచ్చి నా పక్కనే దబ్బున కూర్చుంది.

"అమ్మయ్య, సోటు దొరికినాది. కాళ్ళు పీకేత్తన్నాయి."

"నాకు టీబీ ఉంది, తెలుసేటి?" అన్నాను. ముందే చెప్పేస్తే పోయేదేదో ముందే పోతుందని.

"ఇంత బల్ల కాళీ అయినప్పుడే తెలిసినాది. నాకూ వచ్చినాది, రెండేళ్ళయినాది. ఇగో, ఇప్పుడు గంప మోత్తన్నాను కాదేటి?" అని అరటిపండు సగం విరిచి నా చేతిలో పెట్టింది. "మాత్ర ఒక్కపూట మానీకప్పా. మద్దినే బాగున్నట్టుంటాది, మోసపోవద్దు. నిన్ను సూసి లెగిసెల్లిపోయినోళ్ళ మొకాలు గుర్తెట్టుకో. కోపముంటే మందు బాగా దిగుద్ది."

వైద్యం తెలిసినవాళ్ళు నవ్వుతారేమో. నాకు మాత్రం ఆ మాట ఆరు నెలలు పథ్యంలా పనిచేసింది.

డాక్టరమ్మ చెప్పింది చాలా తక్కువ. కొన్ని వారాలు ముక్కూ నోరూ గుడ్డతో మూసుకుని ఇంట్లో ఉండమంది, కిటికీలు తీసి ఉంచమంది. కంచాలతో, గ్లాసులతో ఇది రాదని రెండుసార్లు చెప్పింది. ఇంట్లోవాళ్ళకి పరీక్ష చేయించమంది, చేయించాం, ఎవరికీ లేదు. దగ్గరగా కూర్చుని పనిచేసేవాళ్ళకీ చెప్పమంది. అది చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆటో ఆపి రామారావు అన్నాడు:

"అమ్మా, ఎవులైనా అడిగితే కిడ్నీ అని సెప్పు."

"నాకు నేని రోగం నానెందుకు సెప్పుకోవాల్రా?"

"కిడ్నీ అంటే అయ్యో అంతారు. టీబీ అంటే గుమ్మం తొక్కరు. నా ఆటో ఎవులెక్కుతారే?"

ఆ మాటతో నా నోరు మూతపడింది. మా ప్రాంతంలో ప్రాణం తీసే రోగానికి జాలి ఉంది. నయమయ్యే రోగానికి లేదు. చూడండి, మనుషుల తీరు ఎంత విడ్డూరమో. కిడ్నీ అన్నాను. షెడ్డు నుంచి ఇద్దరు వచ్చి కళ్ళు తుడుచుకుని వెళ్ళారు కూడా.

ఇంట్లో జరిగిన తప్పు ఇంకొకటి ఉంది. ఎప్పుడో మా మామగారికి ఈ జబ్బే వస్తే, మా అత్తగారు ఆయన కంచాన్ని వేరుగా తోమి పెరటి గోడ మీద బోర్లించేది. అది చూసి ఊరంతా తెలుసుకునేది. నేను ఇంటికొచ్చిన రోజున అన్నం తిని, కంచం కడిగి, తీసుకెళ్ళి పెరటి గోడ మీద బోర్లించాను. డాక్టరమ్మ వద్దన్న పని అది. నా బుర్రని అడక్కుండా నా చేతులు చేశాయి.

కోడలు గౌరి గుమ్మంలో నిలబడి చూసింది. "అదేటత్తా, లోపలెట్టు" అని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అనలేదు. మర్నాటి నుంచి నాకు అన్నం కాస్త ఎత్తు నుంచి వడ్డించడం మొదలుపెట్టింది. మనవరాలు నా ఒళ్ళో కూర్చోబోతే "నాయనమ్మకి వద్దు, ఇటు రా" అని చెయ్యి పట్టి లాగింది. నేను గౌరిని తిట్టాను. అవును, తిట్టాను. కంచం బోర్లించిన చెయ్యి నాది, తిట్లు ఆ పిల్లకి.

మందులు దిగాక దగ్గు తగ్గింది. ఆకలి వేసింది. పుష్యమాసంలో, ఇక నా వల్ల ఎవరికీ అంటదు, పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ బుధవారం పొద్దున్నే వంకాయ కూర వండుకుని షెడ్డుకి వెళ్ళాను. అందరూ పలకరించారు. జగ్గమ్మ వదిన మాత్రం చాకు పదును చూసుకుంటూ కూర్చుంది.

అన్నాల వేళ నా గిన్నె ఆవిడకి అందించాను. ఆవిడ చెంచా పెట్టలేదు. నన్ను దాటించి, నా అవతల మూడో పీట మీదున్న చిట్టెమ్మకి అందించేసింది. చిట్టెమ్మ గిన్నెలోకి చూసింది, జగ్గమ్మ వదిన మొహంలోకి చూసింది, పక్కకి అందించింది. అలా పీట తర్వాత పీట. నేను తల ఎత్తకుండా వింటూ కూర్చున్నాను. గిన్నె కదిలే చప్పుడే గానీ చెంచా తగిలే చప్పుడు లేదు. చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. నేను పొద్దున పైన వేసిన కొత్తిమీర కూడా చెదరలేదు.

తిండి పారబోయడం నాకు చేతకాదు. పదహారు మంది కూరా నేనొక్కదాన్నే తిన్నాను. ఇంటికెళ్ళే దారిలో రోడ్డు పక్కన కక్కుకున్నాను. పొద్దున మింగిన మాత్ర కూడా పోయిందేమోనని భయమేసింది. జగ్గమ్మ మీద నా పగ అక్కడ, ఆ తుప్పల పక్కన, ఒక చెయ్యి నేలకి ఆనించి కూర్చున్నప్పుడు పుట్టింది.

గిన్నె సంగతి చెవిన పడిందేమో, మర్నాడు గుమస్తా వచ్చి, "నీ పీట గుమ్మం కాడ ఏసుకో, పెద్దమ్మా. గాలి బాగుంతాది" అన్నాడు. గుమ్మం దగ్గర గాలి ఉంటుంది, వెలుతురు ఉండదు. నా చేతిలో గుండ్లు విరిగి బద్దలవడం మొదలైంది. మూడు రోజులు కూర్చుని నాలుగో రోజు మానేశాను.

తర్వాత ఇంట్లోనే ఉన్నాను. మొదటి రెండు నెలలూ నాకు రెండే పనులు. పొద్దున్నే మాత్రలు మింగడం, ఆ వరసలో పదిహేను మొహాల్ని ఒక్కొక్కటిగా తలచుకోవడం. నీరసంగా ఉండి, మింగబుద్ధి కాని రోజున జగ్గమ్మని తలచుకునేదాన్ని. మాత్ర దిగేది. ఎర్రమ్మ చెప్పింది నిజం.

నా పీట నాకు తిరిగి కావాలి. నా గిన్నె ఖాళీగా తిరిగి రావాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. కానీ పదిహేను మందితో పోట్లాడలేను గదా. మొదట ఎవరు మొదలుపెట్టారో తేలాలి, ఎందుకో తేలాలి. జీడిపూత వచ్చేసరికి నడిచే ఓపిక వచ్చింది. ఒక్కొక్కరింటికీ వెళ్ళాను.

ముందు చిట్టెమ్మ. "నా కూర ఎందుకు తిన్నేదే?"

"నాకేటి తెల్దు పిన్నీ. జగ్గమ్మప్ప తీసుకోనేదు, నాను తీసుకోనేదు."

"వంకాయ నీకిష్టం కాదేటి?"

"పానం పిన్నీ! ఆ వోసనకి నోరూరిపోనాది," అంది. మొహంలో కల్మషం లేదు. అందుకే ఇంకా మండింది.

తర్వాత కామాక్షి. "కూర పాసిపోనాదేమో అనుకున్నాను. అందరూ ఒగ్గేత్తే మరేటనుకుంతాం?"

మరొకామె నాకెవరో చిల్లంగి పెట్టారని విన్నదట, కూర తింటే తనకీ తగులుతుందని భయపడిందట. ఎవరు చెప్పారంటే చెప్పలేకపోయింది. చివరి పీట పోలమ్మ ముసలిది. మొగుడికి వారానికి రెండు సార్లు కిడ్నీ యంత్రం మీద రక్తం శుభ్రం చేయించాలి, ఆమె చాలా రోజులు కూర లేకుండానే వస్తుంది. "నా కాడికొచ్చేతలికి గిన్నె నిండుగున్నాది దాలమ్మా. పద్నాలుగు మంది ఒగ్గేసింది నానెలగ తింతాను? నాకే ఆశ ఎక్కువనుకోరేటి?" అంది. ఆ రోజు ఆమె ఉప్పూ పచ్చిమిరపకాయతో అన్నం తిన్నది.

టీబీ సంగతి వీళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఇది మీరు మళ్ళీ చదువుకోండి. నన్ను వెలివేసిన వరసలో, ఎందుకు వెలివేస్తున్నామో తెలిసినవాళ్ళు లేరు. పక్క మనిషి చెయ్యి చూశారు, తమ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆసుపత్రి బల్ల మీద ఫోను చూసుకుంటున్న మనిషి లేచినట్టే.

తెలిసింది ఒక్కరికి. ఆవిడింటికి ఆఖరున వెళ్ళాను. జగ్గమ్మ వదిన వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది.

"రా దాలీ, కూకో."

"కూకోను. నా గిన్నె ఎందుకు దాటించినావు?"

కత్తిపీట పక్కన పెట్టింది. "నువ్వు కిడ్నీ అన్నావు. నిన్ను సూద్దారని వచ్చి పెరటేపు నుంచి రాబోతే గోడ మీద కంచం బోర్లించున్నాది. కిడ్నీకి కంచమేటికే? మీ మావకి బోర్లించిన కంచం నాను సూడనేదేటి?"

"సూసినావు. నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే సెప్పుదువేటి? రెండు నెల్లు నా పక్కలో కూకుని దగ్గినావు. నా మనవడు నా పక్కలో తొంగుంతాడు. టీబీ అని ఒక్క ముక్క సెప్పుంతే ఆ దినమే పరీచ్చ సేయించుకుందును. ఎవులికీ సెప్పకుండా పలాసెల్లి నానే సేయించుకున్నాను. లేదన్నారు. ఆ పది దినాలు నాకు నిద్ర నేదు. అది నీకు తెలుసేటి?"

ఆ మాట నాకు తగిలింది. తగల్లేదని రాస్తే అబద్ధం అవుతుంది. జబ్బు పేరు దాచిపెట్టిన పాపం నాది. మీలో ఎవరికైనా ఈ జబ్బు వస్తే దాని పేరు పెట్టి చెప్పండి, పక్కన కూర్చునేవాళ్ళకి ముందు చెప్పండి. అది నేను చెయ్యలేదు.

అయినా అడిగాను. "నీకు లేదని తేలినాక? నాను మందు మింగి బాగై వచ్చినాక? అప్పుడు గిన్నె ఎందుకు దాటించినావు?"

ఆవిడ చింతపండు వైపు చూసింది. ఒక గింజ తీసి పక్కన పడేసి అంది, "కోపం."

"సరే. నాకూ ఉంది," అని లేచొచ్చేశాను.

ఇంటికెళ్ళి మొదట పెరటి గోడ మీది కంచం తీసుకొచ్చి వంటింట్లో అందరి కంచాల మధ్య పెట్టాను. గౌరి చూసింది. "ఇన్నాళ్ళూ నీకు తియ్యాలనిపించనేదా?" అన్నాను. "నువ్వు పెట్టింది కదత్తా, తీత్తే తిడతావని బయం," అంది. ఆ పూట అన్నం ఎత్తు నుంచి పడలేదు. మనవరాలిని నేనే పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

వైశాఖం చివర మాత్రలు పూర్తయ్యాయి. జబ్బు లేదని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. జ్యేష్ఠంలో ఒక సోమవారం ఆ కాగితం పట్టుకుని షెడ్డుకి వెళ్ళి గుమస్తా చేతిలో పెట్టాను.

"సదువు బాబూ."

"సదివాను పెద్దమ్మా, బాగుందిలే."

"నీలో నువ్వు కాదు. వరసకి వినబడాల."

అతను గొంతు సవరించుకుని చదివాడు. టీబీ అన్న మాట వచ్చినప్పుడు చాకులు ఆగాయి. పూర్తిగా నయమైంది అన్నప్పుడు మళ్ళీ కదిలాయి. జగ్గమ్మ వదిన తన పీట కిటికీ వైపు జరిపి, పక్కన చోటు చేసింది. నా చోటు. కూర్చున్నాను.

మధ్యాహ్నం నా గిన్నె ఆవిడ చేతికి వెళ్ళింది. ఆనపకాయ పప్పు. నిండా చెంచాడు తీసుకుని అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. వరసంతా తీసుకుంది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. పెద్ద మనసున్నవాళ్ళు అక్కడితో ఆగిపోదురు.

తర్వాత ఆవిడ గిన్నె నా చేతికి వచ్చింది. నెత్తళ్ళ పులుసు. ఆవిడ చేతి పులుసుకి షెడ్డులో పేరుంది. నేను చెంచా పెట్టలేదు. చిట్టెమ్మకి అందించాను. చిట్టెమ్మ గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, పక్కకి అందించింది. కామాక్షి అందించింది. నిమిషం కిందట జగ్గమ్మతో నవ్వుతూ మాట్లాడినవాళ్ళు. ఒక్కరు ఎందుకని అడగలేదు. గిన్నె చివరిదాకా వెళ్ళి నిండుగా తిరిగొచ్చింది.

అయిదు నెలలు ఎదురుచూశాను దీనికోసం. తియ్యగానే ఉంది. జగ్గమ్మ వదిన తల వంచుకుని ఆ పులుసంతా ఒక్కతే తిన్నది. ఆవిడకీ పారబోయడం చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి. నేను కళ్ళు తిప్పుకోకుండా ఆఖరి చేప దాకా చూశాను.

అప్పుడు వరస చివర పోలమ్మ కనబడింది. ఆ రోజూ ఆమె కూర తెచ్చుకోలేదు. ముందు తీసుకున్న నా పప్పు ఎప్పుడో అయిపోయింది. ఉప్పూ పచ్చిమిరపకాయతో అన్నం తింటోంది. నెత్తళ్ళ గిన్నెని ఆమె కూడా తిప్పి పంపింది, నా చెయ్యి చూసి. ఆమెతో నాకు పగ లేదు.

సాయంత్రం బయటికొస్తుంటే జగ్గమ్మ వదిన నా పక్కన నడిచింది.

"తీరినాదేటే?"

"సగం."

"మరా సగం?"

"దినమూ కొంసెం కొంసెం తీర్సుకుంతాను."

మర్నాడు ఆవిడ గిన్నెలోంచి నేను రెండు చెంచాలు తీసుకున్నాను. వరసంతా తీసుకుంది. నిన్న ఎందుకు వద్దో, ఇవాళ ఎందుకు ముద్దో ఎవరూ అడగలేదు. పోలమ్మ ముందు మాత్రం గిన్నె కాసేపు ఎక్కువ ఆగింది. అది చూశాకే నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు రోజూ తీసుకుంటున్నాను. క్షమించానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఆవిడ గిన్నె నా చేతికి వచ్చినప్పుడు, చెంచా ముంచే ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ క్షణంలో జగ్గమ్మ వదిన అన్నం కలపడం మాని నా చెయ్యి వైపు చూస్తుంది. వరసంతా నా చెయ్యి వైపు చూస్తుంది. అప్పుడు ముంచుతాను.

ఆ ఒక్క క్షణం నాది. నేను బతికున్నంత కాలం దాన్ని వదులుకోను.